నేను దిద్దిన తప్పు

ఉపాధ్యాయుని చేతిలో ఎఱ్ఱసిరా కలము చిన్న ఆయుధము వంటిది. ముప్పదియైదు సంవత్సరములు ఆ కలమును చేతబట్టి వేలకొలది నోటుపుస్తకములలోని తప్పులను దిద్దితిని. 1984వ సంవత్సరమున తెలుగు పండితుడనుగా ఉద్యోగమున చేరి, 2019లో ప్రధానోపాధ్యాయుడనుగా విశ్రాంతి గైకొంటిని. ఇన్ని యేండ్లలో నేను దిద్దిన తప్పులలో పెక్కింటిని మఱచిపోతిని. కాని నోటుపుస్తకములో గాక, నలుగురి నడుమ నోటితో దిద్దిన తప్పొకటి కలదు. అది నన్ను నేటికిని విడిచిపోలేదు. విద్యార్థులారా! దానిని గూర్చియే మీకు చెప్పదలచితిని.

మాది చిత్తూరు జిల్లాలోని బైరెడ్డిపల్లె ప్రాంతము. కర్ణాటకమును తమిళనాడును మాకు చేరువ. అందుచే మా సంతలలో తెలుగు, కన్నడము, తమిళము మూడును కలగలిసి వినవచ్చును. చెరువు నిండిన యేడు వరి; నిండని యేడు రాగులు, చెనక్కాయలు. గట్లపై చింతచెట్లు. ఉదయమున రాగిసంగటి, దానిలోనికి ఊరుబిండి. ఇదియే మా బాల్యపు భాగ్యము.

మావైపు తండ్రిని ‘నాయనా’ అని పిలుతుము. మా నాయన బడికి పోయినది రెండేండ్లు మాత్రమే. సంతకము చేయుట తప్ప ఆయనకు వ్రాత రాదు. కూడబలుకుకొని చదువుటయు కష్టమే. మాకు రెండెకరముల మెట్టభూమి, దానిలో ఒక మూల మల్బరీ తోట ఉండెను. ఇంటిలో ఒక గదిని పట్టుపురుగులకు విడిచి, మిగిలిన గదిలో మేమందఱము సర్దుకొనుచుంటిమి.

పట్టుపురుగుల పెంపకము చంటిబిడ్డల పెంపకము వంటిది. గ్రుడ్డునుండి వెలువడిన పురుగు ఇంచుమించు ఇరువదియైదు దినములు ఆకు మేసి, నాలుగు మారులు చర్మము విడిచి, పిదప గూడు కట్టుకొనును. చర్మము విడుచు కాలమును మావైపు ‘జ్వరము’ అందురు. అపుడు పురుగు తల పైకెత్తి, మేత మాని, కదలక మెదలక ఉండును. ఒకనాడు నేను అట్టి పురుగును పుల్లతో కదల్పబోగా నాయన నా చేయి పట్టుకొనెను.

“జ్వరంలో ఉండే పురుగును ముట్టుకోకూడదు నాయనా. దానంతట అది లేవాల. లేచినాంక ఆకేస్తే తింటుంది. ముందే కదిలిస్తే చెడిపోతుంది” అని చెప్పెను.

ఆ మాట విని ఊరకుంటిని గాని, అది పురుగులకే గాక మనుష్యులకును వర్తించునని తెలిసికొనుటకు నాకు అర్ధశతాబ్దము పట్టినది.

మా నాయనకు పొలము, పురుగులు, సంసారము తప్ప మఱియొక లోకము లేదని మీరు తలపవచ్చును. కలదు. అది వీధినాటకము.

మా జిల్లాలో వేసవి దినములందు అనేక గ్రామములలో భారతోత్సవములు జరుగును. ధర్మరాజు గుడి యెదుటనో ద్రౌపదమ్మ గుడి యెదుటనో ఊరివారందఱును కూడుదురు. భారతమున పర్వములు పదునెనిమిది. కురుక్షేత్ర సంగ్రామము సాగినది పదునెనిమిది దినములు. ఇరువైపుల సేనలు కలిసి పదునెనిమిది అక్షౌహిణులు. అందుచేతనే కాబోలు, ఈ ఉత్సవమును పదునెనిమిది దినములు జరుపుట పెద్ద ఊళ్లలో పరిపాటి. పగటివేళ హరికథ, రాత్రివేళ నాటకము. బకాసురవధ నాడు భీమవేషధారి అన్నపు బండినెక్కి వీధులలో ఊరేగును. అర్జునుని తపస్సు నాడు వేషధారి మిక్కిలి పొడవైన మ్రానుపైకి పద్యములు పాడుచు ఎక్కును. కడపటి దినమున దుర్యోధనుని భారీ విగ్రహమును మట్టితో నేలపై పరుండినట్లు నిర్మింతురు. దాని చెంతనే భీమదుర్యోధనులు గదాయుద్ధము చేయుదురు. భీముడు తొడపై కొట్టినంతట వేలకొలది జనులు ఒక్కమారుగ కేక వేయుదురు. సాయంకాలము భక్తులు నిప్పుల గుండమును త్రొక్కుదురు.

నన్నయ ఆరంభింపగా తిక్కనయు ఎఱ్ఱనయు పూర్తిగావించిన ఆంధ్ర మహాభారతమును మనము గ్రంథములలో చదువుకొందుము. అక్షరము రాని మా పల్లెజనులు మాత్రము భారతమును కన్నులతో చూచి, చెవులతో విని నేర్చుకొనిరి. శకుని పాచికల మోసమెట్టిదో, కర్ణుని స్నేహమెట్టిదో మా అమ్మకు ఏ పుస్తకమును చెప్పలేదు, నాటకము చెప్పినది.

1970లో, నేను ఆఱవ తరగతి చదువుచున్నపుడు, మా బృందమున దుర్యోధన వేషము కట్టుచుండిన పెద్దాయనకు వయసుడిగినది. నాటకము నేర్పు అయ్యవారు మా నాయన గొంతు విని, ఆ వేషమును ఆయనకు నిర్ణయించిరి. అయ్యవారు మిక్కిలి వృద్ధులు. దంతములు ఊడిపోయినవి, చెవులును సరిగా వినబడవు. అయినను నాటకమంతయు ఆయనకు కంఠస్థము. తాళము తప్పినచో మాత్రము కఱ్ఱతో నేలను గట్టిగా కొట్టుచుండెడివారు.

దుర్యోధనుని పాత్రయన్న సామాన్యము కాదు. ఎన్నియో పద్యములు, దరువులు, వచనములు. చదువురాని నాయన వానినెట్లు నేర్చుకొనును? దానికొక ఉపాయము దొరకినది. అయ్యవారు చెప్పుచుండగా నేను వ్రాయవలెను. వ్రాసినదానిని రాత్రివేళ నాయనకు చదివి వినిపింపవలెను. ఇందుకై నాయన పలమనేరు పోయి నూరు పుటల నోటుపుస్తకము కొని తెచ్చెను. బడి పుస్తకములకే డబ్బు చాలని దినములవి.

ఆ రాత్రులు నాకు నేటికిని కన్నులకు గట్టినట్లున్నవి. పెద్దవైన పురుగులకు రాత్రియందును మేత వేయవలెను. నాయన తట్టలలో ఆకు పఱచుచుండగా, నేను లాంతరు ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క వాక్యమే చదువుదును. ఆయన దానిని పలుకును. వేలకొలది పురుగులు ఆకు మేయు చప్పుడు చిఱుజల్లు కురిసినట్లుండును. ఆ చప్పుడులో నాయన గొంతు మెల్లగా లేచుచుండును. నాకు కునుకు పట్టినపుడు కోపపడక, ముందు చదివిన వాక్యమునే మరల మరల వల్లించుచుండును. నేను కన్ను తెఱచిన తోడనే “ఊ, పైది చెప్పు నాయనా” అనును. ఇట్లు రెండు గూళ్ల పంటలు పూర్తియగునప్పటికి దుర్యోధనుడు ఆయన నోటికి వచ్చినాడు.

ఆ వేసవిలో నాయన మొదటిమారు వేషము కట్టెను. వీధినాటకమునకు ఎత్తైన రంగస్థలము లేదు. ఇద్దఱు మనుష్యులు ఒక తెరను పట్టుకొందురు. దాని వెనుక వేషధారి నిలిచి, పాడుచు, అడుగులు వేయుచు, తుదకు తెర తొలగించుకొని వెలువడును. అద్దపు బిళ్లలు పొదిగిన కట్టె కిరీటము, భుజకీర్తులు దీపకాంతిలో తళతళ మెఱయుచుండగా దుర్యోధనుడు వెలికివచ్చెను. పగలెల్ల మోకాలిలోతు దిగి మడి దున్ను మా నాయనయేనా ఈయన యని నేను నోరు తెఱచి చూచితిని. తెల్లవాఱువఱకు ఆయన గొంతు తగ్గలేదు. నాటినుండి పదునాలుగేండ్లు మా చుట్టుప్రక్కల ఊళ్లలో దుర్యోధనుడన్న మా నాయనయే.

నేను చదువులో పైకి వచ్చితిని. పదవతరగతి పిదప పై చదువులు చదివి, తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసి, 1984లో ఉద్యోగము సంపాదించితిని. వ్యాకరణము నేర్చితిని, ఛందస్సు నేర్చితిని, వానితోపాటు గర్వమును నేర్చితిని. ఒత్తక్షరము నొత్తక పలికినవారిని చూచిన నాకు మనస్సు చివుక్కుమనెడిది. సంతలో కూరగాయలమ్మువారి మాటను సైతము సరిదిద్దుచుంటిని. విద్య మనుష్యునకు చెవులను పెంచవలెను; నాకు మాత్రము నాలుకను పెంచినది.

ఆ యేటి భారతోత్సవమున దుర్యోధనుని నాటకము ఆరంభమగుటకు ముందు, ఊరిపెద్దలు నన్ను పిలిచి నాలుగు మాటలు మాట్లాడుమనిరి. ఊరికి మొదటి తెలుగు పండితుడనని వారికి సంతోషము. నాలుగు మాటలకు బదులు అరగంట మాట్లాడితిని. విషయము, శుద్ధోచ్చారణము.

“మన నాటకములలో భాష ఖూనీయగుచున్నది. ఒక పాత్రధారి తన వెనుక ‘పదునొకండు అక్షయహీనులు’ కలవని చెప్పుచున్నాడు. అక్షయహీనులట! ఆ మాటకు అర్థమేమి? అది అక్షౌహిణి. ఒక అక్షౌహిణి యనగా 21,870 రథములు, 21,870 ఏనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 మంది కాల్బలము. ఆ పాత్రధారియే రాజ్యమును ‘ఏకచిత్రముగా’ ఏలెదనని చెప్పుచున్నాడు. ఏకచ్ఛత్రముగా అనవలెను. ఒకే గొడుగు క్రింద భూమినెల్ల ఏలుట అని దానికర్థము. రాజు రాజ్యమునేలునా, బొమ్మ గీసికొని కూర్చుండునా?” అంటిని.

జనులు విరగబడి నవ్విరి. ఆ నవ్వు నాకు చప్పట్లవలె వినబడెను. నేను ఎవరి పేరును చెప్పలేదు. నాయనను అవమానింపవలెనను తలంపును నాకు లేదు. భాషను కాపాడుచున్నాననియే నమ్మితిని. కాని మా ఊరిలో దుర్యోధనుడు ఒక్కడే గదా! పేరు చెప్పకపోయినంత మాత్రమున ఎవరికి తెలియదు? తెర అప్పటికే పట్టియుండిరి. తెరకు పైగా కిరీటపు కొన మాత్రము కనబడుచుండెను. దాని అద్దపు బిళ్లలు కదలుట లేదు.

పిమ్మట నాటకము మొదలాయెను. నాయన ఎప్పటివలెనే పాడెను. ఎప్పటివలెనే అడుగులు వేసెను. ఆ వచనము వచ్చెను. “పదునొకండు…” అని నాయన ఆగిపోయెను. పదునాలుగేండ్లలో ఆయన ఆగుట అదియే మొదటిమారు. మద్దెలకాడు గ్రహించి, అదే తాళమును మరియొకమారు వాయించెను. నాయన “పదునొకండు… సేనలు” అని పలికి ముందునకు సాగెను. నేను చెప్పిన మాటయు పలుకలేదు. తనకు వచ్చిన మాటయు పలుకలేదు.

మఱుసటి యేడు నాయన వేషము కట్టలేదు. “కాళ్లు పట్టుకుంటా ఉండాయి. ఇంక చిన్నోళ్లు ఆడనీ” అని, కిరీటమును భుజకీర్తులను మఱియొక యువకునకు అప్పగించి, పాత్రను తానే నేర్పెను. అప్పటికి ఆయనకు ఏబది రెండేండ్లు నిండి కొంతకాలమే అయినది. అదే కాళ్లతో పొలము దున్నుచుండెను. మల్బరీ ఆకు మోపులు మోయుచుండెను. నాటకము జరుగు రాత్రులలో ఒక ప్రక్కన కూర్చుండి తాళము వేయుచుండెను. ఆ ప్రసంగమును గూర్చి ఆయన నాతో ఒక్క మాటయు అనలేదు. పైగా వచ్చినవారితో “మావాడు పండితుడు” అని సంతోషముగా చెప్పుకొనుచుండెను. నేనును ఊరకుంటిని. తప్పును దిద్దుట తప్పగునా యని నన్ను నేను సమర్థించుకొంటిని.

2009లో నాయన కాలముచేసెను.

పదవీవిరమణ పిదప, 2019లో, పాత ఇంటిని బాగుచేయించుచు అటకపైనున్న రేకుపెట్టెను దింపించితిని. దానిలో భూమి కాగితములు, మా చెల్లెలి పెండ్లిపత్రిక, నా మొదటి జీతముతో నాయనకు కొనియిచ్చిన కండువా ఉండెను. కండువా మడతలో ఒక నోటుపుస్తకము కనబడెను. అట్టపై ‘ఆఱవ తరగతి’ అని వ్రాసియుండెను. గుండ్రని అక్షరములు; నావే. అంచులు పురుగు కొట్టినవి గాని, వ్రాత చెడలేదు.

తెఱచి చదువనారంభించితిని. కొన్ని పుటలు తిరిగిన పిమ్మట నా చేయి ఆగిపోయెను. ‘పదునొకండు అక్షయహీనులు’ అని స్పష్టముగా వ్రాయబడియుండెను. మఱి రెండు పుటల పిదప ‘ఏకచిత్రముగా’ అని కలదు.

విద్యార్థులారా! ఆ తప్పులు నావి. దంతములు లేని వృద్ధుని నోట వెలువడిన మాట పదునొకండేండ్ల బాలుని చెవికి అట్లు వినబడినది. విన్నట్లు వ్రాసితిని, వ్రాసినట్లు చదివితిని. నాయన నేను చదివినట్లే, ఒక్క అక్షరమైన మార్పక, పదునాలుగేండ్లు పలికెను. కుమారుని చదువుపై ఆయనకున్న నమ్మకమట్టిది. నలుగురిలో నేను ఎగతాళి చేసినది నా వ్రాతనే. శిక్ష మాత్రము నాయన అనుభవించెను.

మా అమ్మకు అప్పటికి ఎనుబది దాటినవి. నోటుపుస్తకము చేత పట్టుకొని ఆమె యొద్దకు పోయి కూర్చుంటిని. ఆమె దానిని చూచి గుర్తుపట్టెను.

“ఆ నాటకం ముగిసి ఇంటికి వచ్చినాంక, మీ నాయన మీ చెల్లెల్ని లేపి ఈ బుక్కు చదివించుకున్నాడు. ఆ మాట వచ్చినప్పుడు ఇంకోసారి చదవమన్నాడు. అది అట్లనే చదివింది. కొంచేపు పలకలేదు. ‘వాడు అప్పుడు చిన్నబిడ్డ. ఇనపడింది రాసినాడు. ఇప్పుడు తెలిస్తే శానా బాధపడతాడు. చెప్పొద్దండి’ అని బుక్కును పెట్టెలో పెట్టేసినాడు” అని చెప్పెను.

“మఱి వేషమెందుకు మానెనమ్మా?” అని అడిగితిని.

“మళ్లీ ఆ మాట తప్పు పలికితే నీకు నామోషీ. సరిగా పలికితే, ఇన్నేండ్లు తప్పు చెప్పినట్టు ఊరికంతా తెలిసిపోతుంది. ‘నేను పలకకుండా ఉంటేనే మేలు’ అన్నాడు” అని చెప్పి ఆమె కన్నులు తుడుచుకొనెను.

నేనేమియు పలుకలేకపోతిని. వ్యాకరణమున ఉపకారమునకును అపకారమునకును ప్రత్యయములు, ఉపసర్గలు చెప్పగలను. మౌనమునకు అర్థము చెప్పుట నాకెవ్వరును నేర్పలేదు.

నాటినుండి ఒక ప్రశ్న నన్ను వేధించెను. ఉపాధ్యాయుడు తప్పులు దిద్దక ఎట్లుండును? దిద్దుట మానినచో భాష ఏమగును? చాలకాలము ఆలోచించితిని. దిద్దుట తప్పు కాదు, అక్షౌహిణి అక్షౌహిణియే. నేను దిద్దిన చోటు తప్పు, దిద్దిన వేళ తప్పు. అన్నిటికంటె మిన్నగా, అడుగకుండ దిద్దుట తప్పు. “నాయనా, ఈ మాట నీకెక్కడిది?” అని ఇంటిలో ఒక్కమారు అడిగియుండిన, ఆయన పెట్టె తెఱచి పుస్తకము చూపియుండెడివాడు. ఇద్దఱము నవ్వుకొనియుండెడివారము. తప్పు పోయెడిది, వేషము నిలిచెడిది.

ఈ సందర్భమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు నాకు తఱచుగా జ్ఞప్తికి వత్తురు. 1863లో జన్మించి 1940లో కీర్తిశేషులైన ఆ మహనీయుని జన్మదినమైన ఆగస్టు 29ని మనము తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ ప్రాంతపు కొండలలోని సవరలకు చదువు చెప్పదలచి, ముందుగా తామే వారి భాషను నేర్చుకొనిరి. దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. గ్రంథములు లేని భాషను, చదువురాని మనుష్యులనుండి, ఒక పండితుడు శిష్యుడై నేర్చుకొనెను. వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుని గూర్చి నేను గ్రాంథికమున వ్రాయుట వింతయే. చేయి తిరిగిన అలవాటు తొందరగా పోదు. కాని వినుటలో మాత్రము ఆయన శిష్యుడను కాదలచితిని.

వయసు మీఱినది గదా యని మొదట సంకోచించితిని. అపుడు మా మదనపల్లెకు సంబంధించిన ఒక సంగతి ధైర్యమిచ్చెను. 1919లో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్ని దినములు విశ్రమించిరి. ఒకనాటి సాయంకాలము విద్యార్థుల నడుమ ‘జనగణమన’ గీతమును స్వయముగా పాడిరి. ఆ విద్యార్థులకు వంగభాష మాతృభాష కాదు. అయినను పల్లవిని అందుకొని ఉత్సాహముతో గొంతు కలిపిరి. అచటనే ఆయన ఆ గీతమును ఆంగ్లమున అనువదించిరి. కళాశాల ప్రిన్సిపాలు సతీమణి మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరములు వ్రాసిరి. 1950 జనవరి 24న అది మన జాతీయగీతమైనది. విశ్రాంతి దినములలో జరిగిన పని యది! ఆ ఠాగూరే అఱువది యేండ్లు దాటిన పిదప చిత్రలేఖనమును చేపట్టి, 1930లో పారిస్ నగరమున తన చిత్రములను ప్రదర్శించిరి. వ్రాతప్రతులలోని కొట్టివేతలను కలుపుచు బొమ్మలుగా మలచుటతో ఆయన చిత్రకళ ఆరంభమైనది. కొట్టివేసిన తప్పులనుండి బొమ్మలు పుట్టినవన్నమాట! ఎఱ్ఱసిరాతో ఎన్ని వేల పదములను కొట్టివేసితినో గాని, నాకు అట్టి యూహ ఎన్నడును కలుగలేదు.

ఇపుడు నాకు రెండు వ్యాసంగములు కలవు. మొదటిది, మా చుట్టుప్రక్కల ఊళ్లలోని పాత నాటకగాండ్ర యొద్దకు పోయి, వారి పాత్రలను సెల్‌ఫోనులో పట్టి, ఇంటికి వచ్చి వ్రాయుట. ఎడమ పుటలో వారు పలికినది పలికినట్లు వ్రాసెదను. కుడి పుటలో, నాకు తోచిన మూలపదమును సందేహచిహ్నముతో వ్రాసెదను. పలుమారులు ఎడమ పుటయే గెలిచినది. నేను తప్పనుకొన్న మాట, విచారింపగా, మావైపు పల్లెలలో తరతరములుగా వాడుకలోనున్న మంచి తెలుగు మాటయని తేలినది.

రెండవది, మద్దెల నేర్చుకొనుట. నాకు నేర్పువాడు నాటి మద్దెలకాని కుమారుడు. ఒకప్పుడు నా విద్యార్థి. ఎనిమిదవ తరగతిలో తెలుగున అతనికి ఎన్నడును మంచి మార్కులు రాలేదు. అతని పుస్తకమునిండ నా ఎఱ్ఱసిరాయే. ఇప్పుడు అతడు పొలము పనులు ముగించుకొని సాయంకాలము వచ్చును. నా వ్రేళ్లు మొద్దుబారినవి. తాళము తప్పుచునే యుందును. ఒక్కనాడైనను అతడు “తప్పు” అనలేదు. “సార్, ఇంకొక్కసారి వాయించండి. నేనూ మీతో వాయిస్తా” అనును. రెండు మద్దెలలు కలిసి మ్రోగునపుడు నా తప్పు నాకే వినబడును. అపుడు దిద్దుకొందును. ముప్పదియైదేండ్ల ఉద్యోగమున నేనెఱుగని బోధనాపద్ధతిని ఆ రైతు నాకు నేర్పెను. అతడు నేర్చిన బడి ఏది? బహుశః అతని తండ్రి. మా నాయన ఆగిపోయిన రాత్రి, తాళమును ఒక్కమారు ఎక్కువ వాయించి, ఆయనకు వ్యవధి నిచ్చినవాడు ఆ తండ్రియే గదా!

మొన్నటి వేసవిలో భారతోత్సవమున పెద్దలు నన్ను మరల మాట్లాడుమనిరి. నలుగురిలో చేసిన తప్పును నలుగురిలోనే ఒప్పుకొనవలెనని నిశ్చయించుకొని, నోటుపుస్తకమును చేతబట్టుకొని నిలిచితిని. ఈసారి నిజముగా నాలుగు మాటలే మాట్లాడితిని. “1984లో ఈ చోట దుర్యోధన వేషధారి పలుకును వెక్కిరించితిని. ఆ మాటను అట్లు వ్రాసియిచ్చినవాడను నేనే. ఆయన ఎఱిగియు నన్ను కాపాడెను. ఆ తప్పు నాది” అని చెప్పి కూర్చుంటిని. ఎవరును నవ్వలేదు. నాటి నవ్వులో పాలుగొన్న వృద్ధులు కొందఱు తలవంచుకొనిరి. పిమ్మట తెర పట్టిరి, మద్దెల మ్రోగెను. నాయన నేర్పిన యువకుడు, ఇప్పుడు తల నెఱసినవాడు, దుర్యోధనుడై వెలువడెను. ఆ వచనము వచ్చినపుడు అతడు “పదునొకండు సేనలు” అనెను. నాయన అతనికి అట్లే నేర్పియుండెను.

విద్యార్థులారా! మీరు మీ ఇంటిలోనివారి కంటె ఎక్కువగా చదువుకొందురు. అది మీ తల్లిదండ్రుల కోరిక. వారి కష్టము ఫలించుట. మీరు పలుకు మాటలు వారు పలుకలేకపోవచ్చును. మీరు చదువు పుస్తకములు వారు చదువలేకపోవచ్చును. కాని విత్తనమును చూచి భూమిని చెప్పువారు, మొలకను చూచి వానను చెప్పువారు, వందల పద్యములను చెవితో నేర్చినవారు మీ ఇండ్లలో ఉందురు. వారి మాటలో తప్పు తోచినపుడు, ముందుగా అది ఎక్కడినుండి వచ్చినదో అడుగుడు. దిద్దవలసి వచ్చినచో, ఇంటిలో, మెల్లగా, వారు వినగల వేళ చూచి దిద్దుడు. జ్వరములోనున్న పురుగును కదల్పరాదు. వీలైనచో, వారికి వచ్చిన పాటను, కథను, సామెతను ఒక నోటుపుస్తకమున వ్రాసిపెట్టుకొనుడు. చెవికి వినబడినది తప్పుగా వ్రాయుదురేమో యని భయపడవలదు. వ్రాసిన పిదప మరల వారికి చదివి వినిపింపుడు.

నా ఎఱ్ఱసిరా కలము నేటికిని బల్లపైననే యున్నది. అవసరమైనపుడు వాడుచునే యుందును. నాయన నోటుపుస్తకములోని ఆ మాటను మాత్రము దానితో దిద్దలేదు. అది అట్లే యుండును.